అమ్మానాన్నలు కూడా పాడే తరగతి

ఆరు నెలల పిల్లలకు సంగీత తరగతి అంటే చాలామంది నమ్మరు. ఇంకా నిలకడగా కూర్చోవడం కూడా రాని బిడ్డకు సంగీతం ఏం తెలుస్తుందని అడుగుతారు. కెనడాలోని హామిల్టన్ నగరంలో, మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన లారెల్ ట్రైనర్ బృందం సరిగ్గా ఆ వయసు పిల్లలతోనే ఒక ప్రయోగం చేసి, 2012లో ఫలితాలు ప్రచురించింది. వారానికి ఒకసారి చొప్పున ఆరు నెలల పాటు రెండు రకాల తరగతులు నడిపారు. రెండింటికీ బిడ్డతో పాటు అమ్మో నాన్నో వచ్చారు. రెండింటిలోనూ సంగీతం ఉంది.

మొదటి తరగతిలో పెద్దవాళ్లు నోరు విప్పాలి. జోలపాటలు, ఆటపాటలు టీచరుతో కలిసి పాడాలి. బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఊపాలి, చిన్న చిన్న వాయిద్యాలు బిడ్డ చేత మోగించాలి. అవే పాటలు ఇంటికి వెళ్లాక కూడా పాడుకోవాలి. రెండో తరగతిలో వెనక రికార్డు మోగుతూ ఉంటుంది. పెద్దలూ పిల్లలూ బొమ్మలతో ఆడుకుంటారు. ఇంట్లో పెట్టుకోవడానికి సీడీలు కూడా ఇచ్చారు.

ఏడాది నిండేసరికి ఈ రెండు గుంపుల పిల్లల్లో తేడా కనిపించింది. శ్రుతిలో ఇమిడిన బాణీకీ, అందులో పరాయి స్వరాలు చొప్పించిన బాణీకీ మధ్య తేడాను మొదటి తరగతి పిల్లలు పట్టుకున్నారు, శ్రుతిలో ఉన్నదాన్నే ఎక్కువసేపు విన్నారు. ఇక సంగీతంతో సంబంధం లేనట్టు కనిపించే విషయాల్లో కూడా వాళ్లు ముందున్నారు. వేలు పెట్టి చూపించడం, టాటా చెప్పడం వంటి సైగలు వాళ్లకు బాగా అలవడ్డాయి. కొత్త వస్తువును చూసి బెదరడం తక్కువ, నవ్వడం ఎక్కువ. ఏడ్చినా తొందరగా ఊరుకున్నారు.

ఈ ప్రయోగంలో నన్ను పట్టి నిలబెట్టిన విషయం ఒకటుంది. తల్లిదండ్రులు రెండు గదుల్లోనూ ఉన్నారు. అంటే వాళ్లను పిలవడం ఒక్కటే పని చేయలేదు. వచ్చి పక్కన కూర్చున్న తల్లికీ, వచ్చి పాడిన తల్లికీ మధ్య దూరమే ఆ పిల్లల్లో తేడాగా తేలింది. మన బడుల్లో చిన్నపిల్లల సంగీత తరగతికి అమ్మానాన్నల్ని పిలవాలని ఎవరైనా అనుకుంటే, ఏ పనికి పిలుస్తున్నామన్నది ముందు తేల్చుకోవాలి. చూడ్డానికా, పాడటానికా?

పాడటానికే అంటే, వెంటనే వచ్చే జవాబు మనందరికీ తెలుసు. "నాకు గొంతు లేదండీ." ఈ మాట అన్న తల్లికి సైన్సు చెప్పగలిగిన ధైర్యం చాలానే ఉంది. గర్భంలో ఆరో నెల నడుస్తుండగానే బిడ్డ చెవి పనిచేయడం మొదలవుతుంది. బయటి శబ్దాలు మందంగా చేరతాయి కానీ తల్లి గొంతు ఆమె ఒంటిగుండానే లోపలికి వెళుతుంది. 1980లో ఆంథనీ డికాస్పర్, విలియం ఫైఫర్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు పుట్టి మూడు రోజులు కూడా కాని పిల్లల నోట్లో పాలపీక పెట్టారు. ఒక తీరులో చప్పరిస్తే తల్లి గొంతు, మరో తీరులో చప్పరిస్తే వేరే స్త్రీ గొంతు వినిపించే ఏర్పాటు చేశారు. పిల్లలు తమ చప్పరింపును మార్చుకుని మరీ తల్లి గొంతును తెచ్చుకున్నారు. ఆ గొంతు శ్రుతి తప్పిందా, బొంగురుగా ఉందా అని ఆ బిడ్డ ఎంచలేదు.

టొరంటోలో సాండ్రా ట్రెహబ్ చాలా ఏళ్ల పాటు తల్లుల పాటలను రికార్డు చేసి కొలిచారు. సంగీతం నేర్చుకోని మామూలు తల్లి తన బిడ్డకు ఒక పాట పాడి, వారం రోజుల తర్వాత అదే పాట మళ్లీ పాడితే, శ్రుతీ వేగమూ దాదాపు అక్కడే ఉన్నాయి. తల్లికి తెలియకుండానే ఆమె ఒంట్లో ఒక శ్రుతిపెట్టె ఉన్నట్టు. ట్రెహబ్ సహ రచయితగా 2016లో వచ్చిన మరో పరిశోధనలో, ఆరు నుంచి తొమ్మిది నెలల పిల్లలకు తెలియని భాషలో, టర్కిష్‌లో, ఒక పాట వినిపించారు. ఏడుపు మొదలవడానికి సగటున తొమ్మిది నిమిషాలు పట్టింది. అదే భాషలో ముద్దుమాటలు వినిపిస్తే నాలుగు నిమిషాలకే ఏడుపు అందుకున్నారు. బిడ్డ ఊరుకోవడానికి పాటకు అర్థం కూడా అక్కర్లేకపోయింది. పుట్టుకతోనే స్వరాల తేడా పట్టుకోలేని లోపం నిజంగానే ఉంది కానీ, అది నూటికి నలుగురికి మించి ఉండదు. గొంతు లేదనే మిగతా వాళ్లందరికీ ఎవరో ఎప్పుడో "నువ్వు పాడకు" అన్నారన్నమాట. ఆ మాట తీసేయడానికి బడి కంటే మంచి చోటు లేదు.

తాళం సంగతి ఇంకా లోతుగా ఉంటుంది. ఏడు నెలల పిల్లల మీద జెస్సికా ఫిలిప్స్-సిల్వర్, ట్రైనర్ కలిసి చేసిన ప్రయోగం 2005లో వెలువడింది. ఎక్కడా ఒత్తు లేకుండా సమంగా సాగే ఒక దరువును రెండు నిమిషాల పాటు మోగించారు. కొంతమంది పిల్లల్ని ప్రతి రెండో దెబ్బకు ఎగరేశారు, కొంతమందిని ప్రతి మూడో దెబ్బకు. తర్వాత అదే దరువును రెండు రకాలుగా, ఒత్తులు పెట్టి వినిపించారు. రెండేసి లెక్కన ఎగిరిన పిల్లలు రెండేసి ఒత్తులున్న దరువునీ, మూడేసి ఎగిరినవాళ్లు మూడేసి ఒత్తులున్న దాన్నీ ఎక్కువసేపు విన్నారు. కళ్లకు గంతలు కట్టినా ఫలితం మారలేదు. తాము ఎగరకుండా, మరొకరు ఎగరడం చూస్తూ కూర్చున్న పిల్లల్లో మాత్రం ఆ ఇష్టం ఏర్పడలేదు. అంటే చెవి విన్న దరువుకు గతిని ఇచ్చింది ఒళ్లు. ఆ వయసులో బిడ్డ తనంతట తాను లయగా ఎగరలేదు. ఎవరో ఒకరు ఎత్తుకుని ఎగరెయ్యాలి. మోకాళ్ల మీద కూర్చోబెట్టుకుని ఊపుతూ పాడే మన అమ్మమ్మలు, నాయనమ్మలు చేసేది సరిగ్గా ఈ పనే. వాళ్లు తాళం ఏమిటో చెప్పరు. బిడ్డ వెన్నులోకి దాన్ని పంపిస్తారు.

బడి వయసుకు వచ్చేసరికి బిడ్డ తానే వాయించగలడు. అప్పుడు ఎదురుగా ఎవరున్నారన్నది లెక్కలోకి వస్తుంది. జర్మనీలోని లైప్‌జిగ్‌లో సెబాస్టియన్ కిర్ష్నర్, మైకెల్ తొమసెల్లో రెండున్నర, మూడున్నర, నాలుగున్నర ఏళ్ల పిల్లలకు డోలు ఇచ్చి వాయించమన్నారు. ఒకసారి ఎదురుగా మనిషి వాయిస్తాడు, ఒకసారి డోలును వాయించే యంత్రం, మరోసారి స్పీకరులోంచి చప్పుడు మాత్రమే. మనిషితో వాయించినప్పుడు పిల్లలు తాళం బాగా కలిపారు. చిన్నపిల్లల సహజ వేగం పెద్దల కంటే ఎక్కువ, నిమిషానికి 150 దెబ్బలకు అటూ ఇటూ ఉంటుంది. దాన్ని 100కు తగ్గించమంటే వాళ్లకు కష్టం. అయినా ఎదురుగా మనిషి ఉంటే రెండున్నరేళ్ల పిల్లలు సైతం ఆ నెమ్మది వేగానికి దిగివచ్చారు. పెద్దాయనతో కలవాలన్న కోరికే వాళ్ల చేతిని ఆపింది. 2009లో వచ్చిన ఈ ఫలితాన్ని నేను ఫోన్లో రైమ్స్ పెట్టి పిల్లల ముందుంచే ప్రతి ఇంటికీ వినిపించాలనుకుంటాను. తెర తన వేగంతో తాను పోతుంది. బిడ్డ వెనకబడితే ఆగదు, ముందుకు పోతే అందుకోదు. అమ్మ ఆగుతుంది, అందుకుంటుంది.

కలిసి కదలడం వల్ల ఇంకొకటి కూడా జరుగుతుంది. లారా సిరెల్లి, ట్రైనర్ బృందం 2014లో ప్రచురించిన ప్రయోగంలో పద్నాలుగు నెలల పిల్లల్ని ఒకరు ముందు సంచీలో ఎత్తుకుని పాటకు అనుగుణంగా ఊపారు. ఎదురుగా ఉన్న మరో మనిషి కొందరితో సరిగ్గా అదే లయలో, కొందరితో లయ తప్పి కదిలింది. తర్వాత ఆవిడ బట్టలకు పెట్టే క్లిప్పులో, కాగితపు ఉండలో చేతిలోంచి జారిపోయినట్టు వదిలేసింది. తనతో లయ కలిపిన మనిషికి పిల్లలు ఎక్కువసార్లు ఆ వస్తువులు తీసి ఇచ్చారు. లైప్‌జిగ్ బృందం నాలుగేళ్ల పిల్లలతో 2010లో ఇలాంటిదే చూసింది. ఒకే ఆటను కొందరు పిల్లలు పాడుతూ వాయిస్తూ ఆడారు, కొందరు మామూలుగా ఆడారు. పాడి ఆడినవాళ్లు ఆ తర్వాత ఒకరికొకరు ఎక్కువ సాయపడ్డారు.

తెలుగు నేలలో సంగీతం పిల్లలకు ఒంటరిగా అందిన చరిత్ర నిజానికి చాలా కొద్దిది. రామాలయంలో భజన జరిగితే అంచున కూర్చున్న కుర్రాడి చేతికి ఎవరో చిడతలిచ్చేవారు. బతుకమ్మ చుట్టూ తిరిగే వరుసలో ఆరేళ్ల పిల్ల తల్లి వెనకే నిలబడి, తల్లి చప్పట్లు పడేచోట తన చప్పట్లు వేస్తుంది. ముందు తప్పుతుంది, రెండు చుట్లు తిరిగేసరికి కుదురుతుంది. ఒప్పులకుప్పలో చేతులు పట్టుకుని తిరిగే ఇద్దరిలో ఒకరు వేగం తప్పితే ఇద్దరూ పడతారు కాబట్టి వేగం కలుస్తుంది. ఇక్కడెక్కడా గురువు విడిగా లేడు, పాఠం విడిగా లేదు. కోలాటంలో కూడా అంతే. సంగీతాన్ని గంటగా విడదీసి, పిల్లల్ని గదిలోకి పంపి, పెద్దల్ని గేటు బయట నిలబెట్టడం మనం ఈమధ్య చేసుకున్న ఏర్పాటు.

పెద్దల్ని గేటు లోపలికి తెచ్చి దాన్నే ఒక బోధనా పద్ధతిగా మలిచినవాడు జపాన్‌కు చెందిన షినిచి సుజుకి. 1898లో నగోయాలో పుట్టాడు. తండ్రికి వయొలిన్ల ఫ్యాక్టరీ ఉండేది. 1920లలో బెర్లిన్ వెళ్లి వయొలిన్ నేర్చుకున్నాడు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక మాత్సుమొతో పట్టణంలో పిల్లలకు నేర్పడం మొదలుపెట్టాడు. జపాన్ పిల్లలందరూ జపనీస్ ఇంత చక్కగా మాట్లాడుతున్నప్పుడు, ఆ మాట నేర్పిన పద్ధతిలోనే సంగీతం ఎందుకు నేర్పకూడదన్నది ఆయన ఆలోచన. మాట నేర్పేది ఇల్లు. కాబట్టి సంగీతం నేర్పేది కూడా ఇల్లే కావాలి. ఆయన చేసిన పని చాలామందిని ఆశ్చర్యపరిచింది. మూడేళ్ల బిడ్డను తీసుకుని తల్లి వస్తే, వయొలిన్ ముందు తల్లి చేతికి ఇచ్చేవాడు. ఆమె ఒక చిన్న పాట వాయించగలిగే దాకా బిడ్డకు పాఠం లేదు. బిడ్డ తరగతిలో కూర్చుని చూస్తాడు, ఇంట్లో తల్లి సాధన వింటాడు, అదే పాట రికార్డులో రోజూ వింటాడు. కొన్నాళ్లకు నాకూ కావాలని తల్లి చేతిలోంచి లాక్కుంటాడు. ఆ లాక్కునే రోజు కోసమే ఆ ఎదురుచూపంతా. 1964లో ఆయన శిక్షణలో పెరిగిన పదిమంది పిల్లలు అమెరికాలో పర్యటించి కచేరీలిచ్చారు. ఆ తర్వాత ఆ పద్ధతి దేశదేశాలకు వెళ్లింది. హామిల్టన్ ప్రయోగంలోని మొదటి తరగతి కూడా సుజుకి ఆలోచనలను అనుసరించి నడిపినదే.

సుజుకి పద్ధతికి ఒక చెడు కోణం కూడా ఉంది, దాన్ని దాచకూడదు. తల్లి సహవిద్యార్థిగా కాక కాపలాదారుగా మారితే, రోజువారీ సాధన రోజువారీ రభసగా తయారవుతుంది. మూడేళ్ల బిడ్డ వేళ్లు ఎక్కడున్నాయో చూస్తూ, పక్కింటి పిల్లతో పోలుస్తూ కూర్చున్న తల్లి ఆ గదిలో లేకపోవడమే మేలు. ఈ బరువంతా తల్లి మీదే వేసే అలవాటూ అంతే తప్పు. నాన్న గొంతుకు బిడ్డ దగ్గర చోటు లేదని ఏ ప్రయోగమూ చెప్పలేదు.

పాడితే బిడ్డ తెలివితేటలు పెరుగుతాయా? ఈ అధ్యాయం చదివే తల్లిదండ్రుల్లో సగంమంది మనసులో ఉండే ప్రశ్న ఇది. 1993లో కాలేజీ విద్యార్థులకు పది నిమిషాల పాటు మోత్సార్ట్ సంగీతం వినిపిస్తే ఆకారాలను ఊహించే పరీక్షలో కొద్దిసేపు మార్కులు పెరిగాయని ఒక చిన్న వ్యాసం వచ్చింది. ఆ ప్రయోగంలో పసిపిల్లలే లేరు. అయినా 1998 నాటికి అమెరికాలో జార్జియా రాష్ట్ర గవర్నరు పుట్టిన ప్రతి బిడ్డకూ శాస్త్రీయ సంగీతపు రికార్డు ఇవ్వడానికి బడ్జెట్టులో డబ్బు అడిగారు. 2013లో హార్వర్డ్‌లో శామ్యూల్ మెర్ బృందం ఈ నమ్మకాన్ని సూటిగా పరీక్షించింది. నాలుగేళ్ల పిల్లల్ని వాళ్ల తల్లిదండ్రులతో సహా ఆరు వారాల సంగీత తరగతులకు పిలిచింది. ఎవరు ఏ గుంపులో పడాలో చీటీలు వేసినట్టు నిర్ణయించింది. లెక్కలు, పదాలు, ఆకారాల పరీక్షల్లో సంగీతం వల్ల నిలకడైన లాభమేదీ కనబడలేదు.

ఆస్ట్రేలియాలో మూడువేల పైచిలుకు పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించిన సమాచారం మరికాస్త ఆశ ఇస్తుంది. రెండు మూడేళ్ల వయసులో ఇంట్లో పెద్దలతో కలిసి పాడిన పిల్లలు నాలుగైదేళ్లకు పదసంపదలో, తోటివారితో మెలగడంలో, ధ్యాస నిలపడంలో కొంత మెరుగ్గా ఉన్నారని 2015లో కేట్ విలియమ్స్ బృందం చూపింది. కలిసి పుస్తకం చదవడం వల్ల వచ్చే లాభాన్ని పక్కన తీసి లెక్కించినా పాట వంతు కొంత మిగిలింది. అయితే పాడే ఇంట్లో ఇంకా ఎన్నో మంచి అలవాట్లు ఉండొచ్చు కనుక దీన్ని రుజువు అనకూడదు. ర్యాంకు కోసం పాడమని పిలిచే బడి తల్లిదండ్రులకు ఇవ్వలేని మాట ఇస్తున్నట్టే. నా మటుకు నేను ఆ మాట ఇవ్వను. బిడ్డతో లయ కలవడం, ఏడుపు ఊరుకోవడం, పరాయివాడు తనవాడు కావడం, ఇవి చాలవా?

పరాయివాడు తనవాడు కావడం గురించి అదే శామ్యూల్ మెర్, ఎలిజబెత్ స్పెల్కీతో కలిసి 2016లో వెలువరించిన పరిశోధన నాకు వీటన్నిటికంటే ఇష్టం. ఐదు నెలల పిల్లల అమ్మానాన్నలకు ఒక కొత్త పాట నేర్పి, ఒకటి రెండు వారాలు ఇంట్లో పాడమన్నారు. ఇంకో గుంపు పిల్లలు అదే పాటను ఒక బొమ్మలోంచి విన్నారు. మూడో గుంపుకు అంతగా పరిచయం లేని మనిషి వీడియోలో పాడింది. తర్వాత పిల్లలందరికీ ఇద్దరు కొత్త మనుషుల్ని తెర మీద చూపించారు. ఒకరు ఆ తెలిసిన పాట పాడతారు, మరొకరు వేరే పాట. అమ్మానాన్నల నోట పాట నేర్చిన పిల్లలు, ఆ పాట పాడిన కొత్త మనిషినే ఎక్కువసేపు చూశారు. ఇంట్లో ఎంత ఎక్కువ పాడితే ఆ మొగ్గు అంత ఎక్కువ. బొమ్మ నుంచి, వీడియో నుంచి నేర్చిన పిల్లలకు పాట గుర్తున్నా, అది పాడిన మనిషి మీద ఆ మొగ్గు రాలేదు. అమ్మ పాట పాడేవాళ్లు మనవాళ్లే అయి ఉంటారని ఐదు నెలల బిడ్డ లెక్క వేసినట్టుంది.

ఇప్పుడు జూన్ నెలలో మన నర్సరీ గదిని తలుచుకోండి. మూడేళ్ల పిల్ల మొదటిసారి ఇల్లు వదిలి వచ్చింది. చుట్టూ తెలియని ముఖాలు. టీచరు ఇంగ్లిషు రైము పాడుతోంది. ఆ రైము ఇంట్లో ఎవరికీ రాదు. సాయంత్రం పిల్ల ఇంటికొచ్చి పాడితే అమ్మ మురిసిపోతుంది కానీ అందుకోలేదు, నాయనమ్మ అసలు వినదు. ఇంట్లో అన్నం తినిపిస్తూ పాడే పాట బడిలో వినిపించదు. రెండు చోట్లా పాట ఉంది, రెంటి మధ్యా దారి లేదు. ఈ గదికి అమ్మానాన్నల్ని పిలిస్తే ఆ దారి రెండు వైపులా తెరుచుకుంటుంది. బడి పాట అమ్మ నేర్చుకుని ఇంటికి తీసుకువెళుతుంది. అంతకంటే ముఖ్యంగా, ఇంటి పాటను టీచరు నేర్చుకుంటుంది. నాయనమ్మ జోలపాటను నాయనమ్మ బాణీలోనే టీచరు పాడితే, ఆ టీచరు పిల్లకు కొత్త మనిషిగా ఎన్నాళ్లుంటుంది?

దీనికి వాయిద్యాలు కొననక్కర్లేదు. పదీ పన్నెండుమంది పిల్లలు, వాళ్లతో వచ్చే పెద్దలు గుండ్రంగా కూర్చోవడానికి చాపలు, ఒక చిన్న డప్పు చాలు. కుర్చీలు మాత్రం వేయకూడదు. కుర్చీ వేస్తే పెద్దలు ప్రేక్షకులైపోతారు. వార్షికోత్సవంలో చూస్తున్నాం కదా, పిల్లలు వేదిక మీద, తల్లిదండ్రులు ఫోన్లెత్తి కింద. ఈ గదిలో ఫోన్లు సంచుల్లో ఉండాలి, చేతులు చప్పట్లకు ఖాళీగా ఉండాలి. అరగంట మించితే ఈ వయసు పిల్లలు నిలవరు. టీచరు తన సొంత గొంతుతో, పెద్దలకు సులువైన శ్రుతిలో మొదలుపెట్టాలి. ఒక పాటను ఐదారుసార్లు తిప్పి పాడాలి. పెద్దలకు విసుగనిపించేచోటే పిల్లలకు పాట పట్టుబడుతుంది. ఒళ్లోంచి దిగి గది చుట్టూ పరుగెత్తే బిడ్డను లాక్కొచ్చి కూర్చోబెట్టక్కర్లేదు. అమ్మ తన చోట పాడుతూ ఉంటే చాలు, బిడ్డ చెవి అక్కడే ఉంటుంది.

అసలు కష్టం వేళ. ఉదయం తొమ్మిదిన్నరకు పిలిస్తే కూలికి వెళ్లే తల్లి రాలేదు, ఆటో నడిపే తండ్రి రాలేడు. వాళ్లు రాలేదని పిల్లల ముందు పేరు చదివే బడి ఈ పనికి పూనుకోకపోవడమే మంచిది. తాతయ్య రావచ్చు, పిన్ని రావచ్చు, పదో తరగతి చదివే అక్క రావచ్చు. బిడ్డ ఎవరి ఒళ్లో నిద్రపోతుందో ఆ మనిషి వస్తే సరిపోతుంది. ఎవరూ రాని బిడ్డను ఆయా ఒళ్లో కూర్చోబెట్టుకుని పాడాలి, అదీ ప్రతిసారీ ఒకే ఆయా. అంగన్‌వాడీల్లో పూర్వ ప్రాథమిక విద్య కోసం నెలకో రోజు తల్లుల్ని పిలిచే ఏర్పాటు ముందే ఉంది. ప్రభుత్వ బడుల్లో కూడా తల్లిదండ్రుల సమావేశాలు పెద్ద ఎత్తున జరుగుతున్నాయి. 2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్రమంతా ఒకే రోజు జరిపారు. చిన్న తరగతుల వరకు ఆ సమావేశాల్లో ఒక అరగంట మార్కుల కాగితం పక్కన పెట్టి, చాపలు పరిచి, "మీ ఇంట్లో పాపకు ఏం పాడతారు?" అని ఒక్కొక్కరినీ అడిగితే, ఆ ఏడాదికి కావలసిన పాఠ్యాంశం అక్కడే సిద్ధమవుతుంది. గోదావరి లంకల తల్లి పాడేది ఒకటి, ఆదిలాబాద్‌లో గోండి మాట్లాడే తల్లి పాడేది ఒకటి, ఒడిశా నుంచి ఇటుకబట్టీకి వచ్చిన తల్లి పాడేది మరొకటి. మూడూ అందరూ నేర్చుకోవాలి, టీచరుతో సహా.